ఒక్క రాత్రి చూసి

2022 మార్చి 20 ఆదివారం రాత్రి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. ఆ సీజన్‌లో ఆ జట్టు ఆడిన మ్యాచుల్లో నేను చూసింది అదొక్కటే. అయినా మర్నాడు పొద్దున ఆఫీసు మెట్లెక్కేసరికి అది మా జట్టు, మేం ఛాంపియన్లం. నవంబరులో సీజన్ మొదలైన సంగతి నాకు తెలియదు. కోచ్ మనోలో మార్కెస్ పేరు ఆ రాత్రే మొదటిసారి విన్నాను. నాలుగు నెలలుగా ఆడుతున్న పిల్లల పేర్లు సగం నోరు తిరగకుండానే, వాళ్ల గెలుపులో వాటా తీసుకున్నాను.

మా ఆఫీసులో జంషెడ్‌పూర్ కుర్రాడొకడు ఉన్నాడు. తెలుగువాడే. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి టాటా ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆ ఊళ్లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ అంటే వాడికి ప్రాణం. వాడి కుర్చీ దగ్గరికి వెళ్లి, "ఏం తమ్ముడూ, మీవాళ్లు సెమీస్‌లోనే పోయారు, కప్పు మాకొచ్చింది" అన్నాను.

"కంగ్రాట్స్ అన్నా. మీ గోల్‌కీపర్ కట్టిమణి అదరగొట్టాడు" అన్నాడు వాడు మనస్ఫూర్తిగా. కాసేపాగి, "కానీ లీగ్‌లో పైనున్నది మేమే కదన్నా. మిమ్మల్ని మూడు సున్నాతో కొట్టాం. మార్చి ఒకటో తారీఖు మ్యాచ్ చూశారా?" అని అడిగాడు.

చూశానని చెప్పాను.

వాడు నా మొహం వంక ఒక్క క్షణం చూసి, టీకి వెళ్దామా అన్నాడు. నన్ను ఇంకో ప్రశ్న అడగకుండా వదిలేయడం వాడి సంస్కారం. అంత చిన్న విషయానికి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముందని ఆ సాయంత్రం నన్ను నేను అడుక్కున్నాను. తెలియదని ఒప్పుకుంటే ఛాంపియన్ అన్న మాట నా నోట్లోంచి జారిపోతుందని భయం. అసలు కారణం అదే.

ఈ తెలివితక్కువతనం ఇక్కడితో అయిపోతే రాసేంత విషయం కాదు. నేను ఏళ్ల తరబడి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూస్తున్నవాణ్ణి, మాంచెస్టర్ సిటీ అభిమానిని. ఆఫీసు క్యాంటీన్‌లో లీగ్ గొప్పతనం మీద ఉపన్యాసాలు ఇచ్చేది నేనే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు ఫైనల్ అనేదే లేదు. ఇరవై జట్లు, ఒక్కొక్కటీ ముప్పై ఎనిమిది మ్యాచులు. ఆగస్టు ఎండలో, డిసెంబరు చలిలో, వానలో, గాయాలతో, ఎవరూ పట్టించుకోని చిన్న ఊళ్లలో కూడబెట్టిన పాయింట్లే మే నెలలో విజేతను తేలుస్తాయి. ఒక్క రాత్రి అదృష్టం కలిసొస్తే కప్పు రావచ్చు, లీగ్ రాదు. ఈ మాట నేను ఎన్నోసార్లు చెప్పాను, ఇప్పటికీ నమ్ముతాను.

సరిగ్గా హైదరాబాద్ కప్పు గెలిచిన ఫైనల్‌కు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 27న, వెంబ్లీలో లివర్‌పూల్, చెల్సీ లీగ్ కప్పు ఫైనల్ ఆడాయి. నూట ఇరవై నిమిషాలు ఆడినా ఒక్క గోల్ లేదు. షూటౌట్‌లో రెండు జట్ల ఆటగాళ్లూ వరసగా కొడుతూనే ఉన్నారు, చివరికి గోల్‌కీపర్లు కూడా తన్నాల్సి వచ్చింది. చెల్సీ గోల్‌కీపర్ కెపా బంతిని బారు మీదుగా పైకి తన్నేశాడు. 11-10తో లివర్‌పూల్ గెలిచింది. లివర్‌పూల్ అభిమాని అయిన ఒక స్నేహితుడు ఆనందంతో ఫోన్ చేస్తే, పెనాల్టీల మీద వచ్చిన కప్పును పట్టుకుని అంత మురిసిపోవాలా, లీగ్‌లో ఎవరు పైనుంటారో మేలో చూద్దాం అన్నాను. వాడి సంతోషాన్ని అలా చిన్నబుచ్చినవాణ్ణి, మూడు వారాలు తిరిగేసరికి హైదరాబాద్ పెనాల్టీల మీద గెలిస్తే లీగ్ గెలిచిన జట్టు ఊరివాడి దగ్గరికి వెళ్లి కప్పు మాదేనన్నాను. అక్కడ ఒక కొలత, ఇక్కడ ఒక కొలత. ఏది నాకు అనుకూలమైతే అది.

మన లీగ్ కట్టుబడి వేరు, అది తెలుసుకోకపోవడం కూడా నా తప్పే. ఆ ఏడాది సూపర్ లీగ్‌లో పదకొండు జట్లు, ఒక్కొక్క జట్టుకు ఇరవై లీగ్ మ్యాచులు. పట్టికలో మొదట నిలిచిన జట్టుకు లీగ్ విన్నర్స్ షీల్డ్. పై నాలుగు జట్లు సెమీఫైనల్స్ ఆడాయి, ఆ తర్వాత ఫైనల్ గెలిచినవాళ్లకు కప్పు. 2014లో మొదలైనప్పుడు కప్పు ఒక్కటే ఉండేది, పట్టికలో మొదటివాళ్లకు ట్రోఫీ ఏమీ లేదు. షీల్డ్ 2019-20 నుంచి వచ్చింది. ఏడాది పొడవునా బాగా ఆడినవాళ్లకు ఒక గౌరవం, చివరి పరీక్షలో నెగ్గినవాళ్లకు ఒక గౌరవం. రెండూ నిజమైనవే. ఇది నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆటను ఎంత ప్రేమించినా ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. ఏడాది చూడకుండానే తీర్పు చెప్పినందుకే నా మీద నాకు పేచీ.

ఆ తర్వాత కొన్ని వారాలు రాత్రుళ్లు కూర్చుని ఆ సీజన్ మ్యాచులు వెనక నుంచి ముందుకు చూస్తూ వెళ్లాను. ఫలితం తెలిసిన మ్యాచ్ చూడటం చప్పగా ఉంటుందనుకున్నాను. అలా లేదు.

ముందు కనిపించింది ఖాళీ. కరోనా వల్ల ఆ ఏడాది కూడా లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. ఫతోర్దా, బాంబోలిం, వాస్కో, ఈ మూడు మైదానాల్లోనే అన్ని జట్లూ ఆడాయి. జట్లన్నీ బయోబబుల్‌లో, హోటల్ గది నుంచి బస్సు, బస్సు నుంచి మైదానం. కుర్చీలన్నీ ఖాళీ. గోల్‌కీపర్ కేకలు, బూటుకు బంతి తగిలిన చప్పుడు టీవీలో స్పష్టంగా వినిపించేవి. జనవరిలో ఆటగాళ్లకు కరోనా సోకి కొన్ని మ్యాచులు వాయిదా పడ్డాయి. సొంత ఊరికి, సొంత జనానికి దూరంగా, చప్పట్లు లేకుండా హైదరాబాద్ పేరు చొక్కా మీద వేసుకుని వాళ్లు నాలుగు నెలలు ఆడారు. వాళ్లకు చూపుతో అయినా తోడుండే అవకాశం టీవీ ముందు కూర్చున్న మనలాంటివాళ్లకే ఉంది. ఆ రాత్రుళ్లు నేను ఇంగ్లండ్ మ్యాచుల కోసం మేలుకుని ఉన్నాను.

2019లో పుట్టిన జట్టు అది. మొదటి సీజన్‌లో పద్దెనిమిది మ్యాచుల్లో పది పాయింట్లు, పట్టికలో అట్టడుగు. రెండో ఏడాది మార్కెస్ వచ్చాక ఐదో స్థానం. చివరి రోజు గోవాతో గెలవాల్సిన మ్యాచ్ 0-0 కావడంతో సెమీస్ చేజారింది. మూడో ఏడాది 38 పాయింట్లతో రెండో స్థానం. నైజీరియా నుంచి వచ్చిన ఓగ్‌బెచె పద్దెనిమిది గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికంటే పైన నిలిచాడు. ముప్పై ఏడేళ్ల మనిషి, పరుగు తగ్గినా బంతి ఎక్కడ పడుతుందో ముందే అక్కడ ఉంటాడు. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్, ఇద్దరూ కుర్రాళ్లే, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు అలుపు లేకుండా పరుగులు పెట్టారు. మార్కెస్ అలాంటి వయసువాళ్లను నమ్మి పెద్ద మ్యాచుల్లో దించాడు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను మొదటి అంకంలో 3-1తో ఓడించి, రెండో అంకంలో 0-1తో ఓడినా మొత్తం మీద 3-2తో ఫైనల్ చేరారు.

జంషెడ్‌పూర్ మ్యాచులూ చూశాను. చూడకపోతే మా కుర్రాడి మాటకు బదులు చెప్పినట్టు కాదు. ఓవెన్ కాయిల్ కోచ్‌గా ఉన్న ఆ జట్టు 43 పాయింట్లు తెచ్చుకుంది. అప్పటికి సూపర్ లీగ్ చరిత్రలో అదే ఎక్కువ. చివర్లో వరసగా ఏడు మ్యాచులు గెలిచారు. మార్చి 7న లీగ్ చివరి మ్యాచ్‌లో మోహన్ బగాన్‌ను రిత్విక్ దాస్ గోల్‌తో 1-0తో ఓడించి షీల్డ్ ఎత్తారు. మార్చి ఒకటో తారీఖు మ్యాచ్ కూడా చూశాను. హైదరాబాద్ మీద జంషెడ్‌పూర్ ఆధిక్యం చూస్తుంటే నేను ఆడిన అబద్ధం గొంతులో అడ్డం పడింది. మర్నాడు వాడితో చెప్పాను, ఆ రోజు చూడలేదు తమ్ముడూ, నిన్న రాత్రి చూశాను, మీవాళ్లు గొప్పగా ఆడారు అని. వాడు సంతోషపడ్డాడు. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్లిభోజనం తిని వచ్చి ఆ ఇంటి సంసారం తెలుసన్నట్టుగా మాట్లాడిన నాకు, అప్పుడు గాని ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో తెలియలేదు.

ఫైనల్ రాత్రి కూడా రెండోసారి చూస్తే వేరుగా కనిపించింది. ఫతోర్దాకు ఆ రోజు జనాన్ని రానిచ్చారు. స్టాండ్లన్నీ పసుపు. కేరళ బ్లాస్టర్స్ అభిమానులు రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద తరలివచ్చారు. పట్టికలో పైనున్న హైదరాబాద్‌కు పసుపు చొక్కా దక్కింది, కేరళ నల్ల చొక్కాలతో దిగింది. తమ రంగు ఎదుటి జట్టు ఒంటి మీద ఉన్నా వాళ్లు గొంతు తగ్గించలేదు. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టినప్పుడు స్టేడియం ఊగిపోయింది. 88వ నిమిషంలో, బదులుగా దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్సు బయట నుంచి గాల్లోనే తన్నిన బంతి వలలో పడింది. అదనపు సమయంలో ఎవరూ గోల్ కొట్టలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. నిషు కుమార్ పెనాల్టీని ఆపితే, కట్టిమణి గీత దాటాడని రిఫరీ మళ్లీ తన్నించాడు. మళ్లీ ఆపాడు. హాలిచరణ్ నర్జారీ చివరి పెనాల్టీ వలలోకి పంపగానే 3-1. కట్టిమణి, తవోరా ఇద్దరూ గోవావాళ్లే. హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన ఆ ఇద్దరూ తమ సొంత నేల మీద ఎదుటివాళ్ల జనం ముందు ఆడారు. ఈ సంగతి కూడా మొదటి రాత్రి నాకు తెలియదు.

ఇక మా నాయిన సంగతి. చిన్నతనంలో ఫతేమైదాన్‌లో ఫుట్‌బాల్ చూసి పెరిగిన మనిషి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ చేతి కిందే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం పేరు నాయిన ఇప్పటికీ ఇంట్లో మనిషి పేరులా పలుకుతాడు. ఇవన్నీ వింటూ పెరిగి, నేను చేసిందేమిటంటే ఆ కథలను పాత ఫొటోల్లా గోడకు తగిలించేశాను. రహీం సాబ్‌తోనే మన ఆట అయిపోయిందని, ఇప్పుడిక్కడ చూడటానికేమీ లేదని పదిమందిలో అనేవాణ్ణి. ఇంగ్లండ్ లీగ్ నాకు అంత కంఠస్థం కావడానికి ఈ చులకన కూడా ఒక కారణం.

2021 సెప్టెంబరులో నాయిన అడిగాడు. "డ్యూరాండ్ అయితున్నదారా ఈసారి?"

"ఇప్పుడదెవరు ఆడుతున్నరు నాయినా" అని నా గదిలోకి వెళ్లిపోయాను. కనుక్కునే ప్రయత్నం కూడా చేయలేదు.

అప్పుడు కలకత్తాలో డ్యూరాండ్ జరుగుతోంది. 1888లో సిమ్లాలో మొదలై ఆసియాలోకెల్లా పాతదైన ఆ టోర్నీలో ఆ ఏడాది మహమ్మడన్ స్పోర్టింగ్ ఫైనల్ దాకా వచ్చింది. అక్టోబరు 3న సాల్ట్ లేక్ స్టేడియంలో అదనపు సమయంలో ఎదు బేదియా గోల్‌తో ఎఫ్‌సీ గోవా 1-0తో గెలిచింది. తర్వాతి నెలలో మహమ్మడన్ కలకత్తా లీగ్ గెలిచింది, నలభై ఏళ్ల తర్వాత. హైదరాబాద్ ఆటగాళ్లు ఎందరో ఒకప్పుడు చేరిన క్లబ్బు అది. నాయిన తరానికి అది పరాయి జట్టు కాదు. ఆ కబురు నేను చెప్పి ఉంటే ఆయన ఎంత మురిసేవాడో నాకు తెలుసు. 2022 జూన్‌లో ఇవన్నీ చదివి, కూర్చోబెట్టి చెప్పాను. అంతా విని, "ముందే చెప్తే నేను గూడ చూసేటోణ్ణి గదరా" అన్నాడు. కోపంతో కాదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఒక రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 మే 14. ఆ రాత్రి నేను వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చూశాను. మళ్లీ లివర్‌పూల్, చెల్సీ. మళ్లీ గోల్ లేదు, మళ్లీ పెనాల్టీలు, 6-5తో మళ్లీ లివర్‌పూల్. అదే రోజు సాల్ట్ లేక్‌లో మన దేశపు ఇంకో లీగ్, ఐ-లీగ్ తేలిపోయింది. మహమ్మడన్‌ను 2-1తో ఓడించి గోకులం కేరళ వరసగా రెండో ఏడాది లీగ్ గెలిచింది. 2007లో ఐ-లీగ్ మొదలయ్యాక టైటిల్ నిలబెట్టుకున్న మొదటి జట్టు అదే. ఫైనల్ కాని ఆట, అయినా ఇద్దరిలో ఎవరు లీగ్ గెలుస్తారో ఆ తొంభై నిమిషాల్లో తేలాల్సిన ఆట, నిండిన స్టాండ్ల ముందు. నేను క్యాంటీన్‌లో వర్ణించే లీగ్ ఫుట్‌బాల్ అంటే అచ్చంగా అదే. నేను చూడలేదు.

అంతకు నాలుగు రోజుల ముందు మరొకటి జరిగింది. ఓటమి లేకుండా సాగుతున్న గోకులాన్ని ఆపిన జట్టు శ్రీనిధి డెక్కన్, విశాఖపట్నం పేరు మీద ఆ ఏడాదే ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన మన జట్టు. లాల్రోమావియా మూడు గోల్స్ కొట్టాడు, 3-1. ఆ ఒక్క ఓటమి వల్లే లీగ్ చివరి మ్యాచ్ దాకా తేలకుండా నిలిచింది. మొదటి ఏడాదే శ్రీనిధి మూడో స్థానం సాధించింది. తెలుగువాళ్లకు ఫుట్‌బాల్ లేదని నేను వాదిస్తున్న వారంలోనే ఇది జరిగింది.

గోకులం గెలుపులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. ఆ ఏడాదికి ఐ-లీగ్ విజేతకు సూపర్ లీగ్‌లోకి దారి లేదు. ఆ తలుపు 2022-23 విజేత నుంచి తెరిచారు. వరసగా రెండుసార్లు గెలిచిన జట్టు ఉన్నచోటే ఉండిపోయింది. లీగ్ గెలవడమంటే పైకి ఎక్కడమని ఇంగ్లండ్‌ను చూసి నేర్చుకున్న నాకు ఇది పెద్ద అన్యాయంగా తోచింది, ఇప్పటికీ తోస్తుంది. మే 18న, అంటే టైటిల్ గెలిచిన నాలుగో రోజునే, ఏఎఫ్‌సీ కప్‌లో సూపర్ లీగ్ జట్టు మోహన్ బగాన్‌ను అదే సాల్ట్ లేక్‌లో 4-2తో ఓడించి వాళ్లు తామేమిటో చూపించారు. ఆ నెలాఖరుకే గోకులం అమ్మాయిలు భువనేశ్వర్‌లో సేతు ఎఫ్‌సీని 3-1తో ఓడించి మహిళల లీగ్ గెలిచారు. ఆసియా క్లబ్ పోటీకి తాష్కెంట్ చేరాక, ఆగస్టులో భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేయడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. పది రోజులకే సస్పెన్షన్ ఎత్తేశారు, అప్పటికే ఆలస్యం. ఆ అమ్మాయిల తప్పు అందులో ఇసుమంత కూడా లేదు.

మే 2న జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్ మాత్రం ఆలస్యంగానైనా నాయినతో కలిసి చూశాను, రికార్డింగే. మలప్పురం జిల్లా మంజేరిలో, రంజాన్ ఉపవాసాల నెల చివర్లో, కిక్కిరిసిన స్టేడియం. అదనపు సమయంలో బెంగాల్ ముందు గోల్ కొట్టింది, మ్యాచ్ ముగుస్తుందనగా సఫ్నాద్ తలతో సమం చేశాడు, పెనాల్టీల్లో కేరళ 5-4. 1956లో, 57లో హైదరాబాద్, 1965లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన ట్రోఫీ అది. నాయిన ఆ జనాన్ని చూస్తూ, ఫతేమైదాన్‌లో గూడ గిట్లనే ఉండేది అన్నాడు. ఆ మాటను నేను మొదటిసారి నమ్మాను.

ఇంత తెలిశాక కూడా రెండో తప్పు చేశాను. 2022-23లో హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి తిరిగొచ్చింది. కప్పు గెలిచిన జట్టు, మా ఇంటికి దగ్గర్లో, జనం ముందు ఆడుతోంది. ఆ సీజన్‌లోనూ పట్టికలో రెండో స్థానం. నేను వెళ్లలేదు. ఈ వారం పని, వచ్చే వారం ట్రాఫిక్, ఈసారి వాన. టీవీలో వస్తుంది కదా అనుకున్నాను. జట్టు ఎప్పటికీ అక్కడే ఉంటుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. మాంచెస్టర్‌లో, లివర్‌పూల్‌లో వందేళ్లుగా అక్కడే ఉన్న క్లబ్బులను చూసి అన్ని క్లబ్బులూ అంతేననుకున్నానేమో. మార్కెస్ గోవాకు వెళ్లిపోయాడు. డబ్బు ఇబ్బందులు, జీతాల బకాయిలు, మంచి ఆటగాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు, మళ్లీ అట్టడుగు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఆ వార్త వచ్చిన రోజు ఒక స్నేహితుడితో, మన జట్టును మన ఊరి నుంచి తీసుకుపోయారని ఆవేశంగా మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క గెలుపు సీజన్‌లో కూడా గచ్చిబౌలి స్టాండ్లలో డోళ్లు కొట్టినవాళ్లు గుర్తొచ్చారు. డెక్కన్ లీజియన్ అని పిలుచుకునే అభిమానులు వాళ్లు. ఓడిపోతుందని తెలిసిన మ్యాచుకు టికెట్టు కొనుక్కుని, సగం ఖాళీగా ఉన్న స్టేడియంలో, జీతం అందని కుర్రాళ్ల పేర్లు అరుస్తూ నిలబడ్డారు. ఊరు విడిచిపోయింది వాళ్ల జట్టు.